మోకాలి లోతు మంచుకు రెండో జత స్కీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మిన్నెసోటాలో ఆరేళ్లు ఉద్యోగం చేసి విశాఖ తిరిగొచ్చేశాను. వస్తూ అక్కడ వాడిన సన్న స్కీలు (మంచు మీద జారేందుకు బూట్లకు తగిలించుకునే పొడవాటి పలకలు) వెంట తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో మేం నలుగురం ఇక్కడి నుంచి కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్తున్నాం. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో, బీచ్ రోడ్డు వాకింగ్‌లో, ఫోన్లో, అమెరికాలో పిల్లలున్నవాళ్ల ఇళ్లలో నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒక జత ఉంది, లోతు మంచులో పని చేయట్లేదు, రెండోది ఏది కొనాలి? డబ్బు బాగా పోసే విషయం కాబట్టి నాకు తెలిసినంతవరకు ఒకచోట రాస్తున్నాను.

బ్యాక్‌కంట్రీ నార్డిక్ స్కీలు అంటే గుల్‌మార్గ్‌లో అద్దెకిచ్చేవేనా?

కాదు. అక్కడ అద్దెకు దొరికేవి దాదాపు అన్నీ ఆల్పైన్ స్కీలు. వాటిలో మడమ బిగించి ఉంటుంది, గొండోలా (కేబుల్ కారు) ఎక్కి పైకి వెళ్లి కిందికి దిగడానికే పనికొస్తాయి. నార్డిక్‌లో మడమ వదులుగా లేస్తుంది, కాలివేళ్ల దగ్గర మాత్రమే పట్టు ఉంటుంది, అంటే సమతలం మీద నడుస్తూ జారుతూ పోవచ్చు, చిన్న ఎత్తులు మన కాళ్లతో మనమే ఎక్కొచ్చు. బ్యాక్‌కంట్రీ రకమంటే యంత్రంతో చదును చేసిన ట్రాక్ మీద కాకుండా అడవిలో, మైదానంలో, ఎవరూ తొక్కని మంచులో తిరగడానికి కొంచెం వెడల్పుగా, గట్టిగా, ఎక్కువగా ఉక్కు అంచులతో చేసినవి.

ఒక జత ఉండగా రెండోది నిజంగా అవసరమా?

మీరు తిరిగేది ముందే ఎవరో తొక్కిన దారుల్లో అయితే అవసరం లేదు, ఆ డబ్బు మంచి బూట్లకు పెట్టండి.

నాకు అవసరం ఎలా తెలిసిందో చెప్తాను. నా మొదటి జత ఫిషర్ ట్రావర్స్ 78, 199 సెంటీమీటర్లు. వెడల్పు ముక్కు దగ్గర 78 మిల్లీమీటర్లు, నడుము (స్కీ మధ్యభాగం) 61, తోక 69. మిన్నెసోటాలో గడ్డకట్టిన చెరువుల మీద, గాలికి గట్టిపడిన మంచు మీద దానికి తిరుగులేదు. గుల్‌మార్గ్‌లో మొదటి ఏడాది రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది, మూడో రోజు పొద్దున ఖిలన్‌మార్గ్ వైపు బయల్దేరాం. కిలోమీటరున్నర దూరానికి రెండు గంటలు పట్టింది. అడుగు వేస్తే స్కీ మోకాలి దాకా దిగిపోతోంది, ముక్కు పైకి రాదు, దాన్ని మంచు కింది నుంచి తవ్వుకుంటూ లాగాలి. మా బావ కొంచెం వెడల్పైన స్కీలు అద్దెకు తెచ్చుకున్నాడు, ఆయన నా ముందే పిక్కల లోతులో తోవ తీసుకుంటూ పోతున్నాడు. వయసు చూస్తే ఆయనకు నాకంటే పదకొండేళ్లు ఎక్కువ. బలం నాది ఎక్కువే, తేడా అంతా స్కీలదే అని ఆ రోజే అర్థమైంది.

కొనకముందు తక్కువ ఖర్చుతో సరిచేసుకునేవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, వీటిని ఎవరూ చెప్పరు. మొదటిది పోల్స్ (చేతికర్రలు) కింద ఉండే బాస్కెట్లు. ట్రాక్ స్కీయింగ్ పోల్స్‌కి అర్ధచంద్రాకారంలో చిన్న ముక్క ఉంటుంది, లోతు మంచులో అది చేయి పొడవునా దిగిపోతుంది, దాంతో మీరు రెండు కాళ్ల మీదే బతకాలి. అరచేయంత గుండ్రటి బాస్కెట్లు వేయించండి. మా నలుగురిలో ఒకాయన అది మార్చాక రెండో జత ఆలోచనే మానేశాడు. రెండోది వీపు మీద బరువు, దాని లెక్క కింద చెప్తాను. మూడోది, తోవ తీసే పని వంతులవారీగా చేయండి. ముందు నడిచేవాడికే కష్టమంతా, వెనకున్న ముగ్గురూ అదే గాడిలో సుఖంగా వస్తారు. పావుగంటకోసారి ముందువాడు పక్కకు తప్పుకుని చివరికి వెళ్లాలి.

ఈ మూడూ చేశాక కూడా మునిగిపోతున్నారంటే అప్పుడు స్కీల సంగతి చూద్దాం.

వెడల్పు పెరిగితే మునగదు కదా, అన్నిటికంటే వెడల్పైనది కొనేస్తే అయిపోదా?

అందరూ ముందు అడిగేది ఇదే, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చూద్దాం. మనిషి 75 కిలోలు, బ్యాగు 10 కిలోలు, మొత్తం 85 అనుకుందాం. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు ఆ బరువంతా ఒక్క కాలి మీదికే వస్తుంది. ఉత్త బూటుతో అయితే పాదం కింద సుమారు 300 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 280 గ్రాముల పైనే, అందుకే నడుము దాకా దిగబడతాం. నా 199 ట్రావర్స్ ఒక్కో స్కీ వైశాల్యం సుమారు 1,340, ఒత్తిడి 63 గ్రాములు. ఫిషర్ ఎస్-బౌండ్ 98 (98-69-88) 189 సెంటీమీటర్ల పొడవులో సుమారు 1,530, అంటే 56 గ్రాములు. అదే ఎస్-బౌండ్ 112 (112-78-95) 189లో సుమారు 1,715, అంటే 50 గ్రాములు. ఇవి ముక్కు, నడుము, తోక కొలతలతో నేను కాగితం మీద వేసుకున్న ఉజ్జాయింపు లెక్కలు, కానీ పోల్చి చూసుకోడానికి చాలు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. సన్న స్కీ మీద ఉండగానే బ్యాగులోంచి 5 కిలోలు తీసేస్తే 63 కాస్తా 60కి వస్తుంది. ఇది రూపాయి ఖర్చు లేని లాభం. రెండోది, 112ని 169 పొడవులో కొంటే వైశాల్యం 1,540 దగ్గర ఆగిపోతుంది, అంటే 189 పొడవున్న 98తో సమానం. వెడల్పు పెంచి పొడవు తగ్గించుకుంటే మునిగే విషయంలో మీకు మిగిలింది ఏమీ లేదు. చెట్ల మధ్య తిప్పడం మాత్రం తేలికవుతుంది, అది కావాలనుకుంటే ఆ లాభం కోసమే కొనాలి.

మరి ఒత్తిడి తక్కువైనప్పుడు 112 రకం పొడవుగా కొంటే ఏం పోతుంది?

బూటు సరిపోదు. నా రెండో జతని నిర్ణయించింది ఈ ఒక్క మాటే.

మడమ వదులుగా ఉండే బూటుతో మనం స్కీని పక్కకు వాల్చి అంచు మీద నిలబెట్టాలి. నడుము 61 ఉన్నప్పుడు అంచు పాదం కిందే ఉంటుంది, మెత్తటి తోలు బూటైనా ఒప్పుకుంటుంది. నడుము 78 అయ్యేసరికి అంచు పాదం పక్కకు జరిగిపోతుంది, దాన్ని గట్టి మంచులోకి దించాలంటే చీలమండ చుట్టూ గట్టి పట్టు కావాలి. లేకపోతే స్కీ ఒకవైపు, పాదం ఒకవైపు మెలితిరుగుతాయి. రెండో ఏడాది నేను ఒకరి దగ్గర 78 నడుమున్న స్కీలు అడిగి తీసుకుని నా మెత్తటి బూట్లతోనే వేసుకున్నాను. పైన మైదానంలో కొత్త మంచు మీద హాయిగా తేలాను. మధ్యాహ్నం ఎండకి కరిగి మళ్లీ గడ్డకట్టిన అడవి దారిలో బాబారేషి వైపు దిగేటప్పుడు అంచు పట్టలేదు, కాలు మెలిపడింది, మోకాలు వాచి మిగతా నాలుగు రోజులు గదిలో కూర్చున్నాను. ఆ మంచు లోతు రెండు అంగుళాలు కూడా లేదు. లోతు మంచు కోసం తీసుకున్న స్కీ నన్ను గట్టి మంచు మీద పడేసింది.

అప్పటి నుంచి నేను చెప్పేది ఇదే: ముందు మీ బూటు పట్టుకుని చూడండి. చీలమండ దగ్గర చేత్తో మెలితిప్పితే తేలిగ్గా తిరిగే తోలు, గుడ్డ బూటైతే నడుము 70 దాటొద్దు. చీలమండ పైదాకా గట్టి ప్లాస్టిక్ కఫ్ ఉన్న బూటైతే 70 నుంచి 80 దాకా వెళ్లొచ్చు. ఇంకా పైకి వెళ్లాలంటే స్కార్పా టీ4 లాంటి పూర్తి ప్లాస్టిక్ బూటు కావాలి, దాంతో సమతలం మీద రోజంతా నడవడం బరువు పని. అప్పుడు అది వేరే ఆట.

ఎంత పొడవు తీసుకోవాలి? ఎత్తుని బట్టా, బరువుని బట్టా?

బరువుని బట్టే, బ్యాగు కూడా కలిపి. ఎత్తు చూసి చెప్పేది పాత అలవాటు. కంపెనీలు ఇచ్చే పట్టికలో మీ బరువుకి రెండు పొడవులు కలిసినప్పుడు, మైదానాలు ఎక్కువ తిరిగితే పొడవుది, చెట్ల మధ్య తిరిగితే పొట్టిది. ఫిన్లాండ్‌లో అడవిలో తిరగడానికి రెండున్నర మీటర్ల పొడవున్న చెక్క స్కీలు వాడతారు, నడుము పెద్ద వెడల్పేమీ కాదు. పొడవుతో మునగకుండా ఉండొచ్చని వాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు. కానీ అంత పొడవుతో గుల్‌మార్గ్ ఫర్ చెట్ల మధ్య వాలులో తిరగలేం, టాంగ్‌మార్గ్ నుంచి పైకి వెళ్లే జీపు మీద కట్టుకోడమే కష్టం.

క్యాంబర్ అంటే ఏంటి? లోతు మంచుకి దాంతో ఏం సంబంధం?

స్కీని నేల మీద పెడితే మధ్యలో విల్లులా పైకి లేచి ఉంటుంది, అదే క్యాంబర్. సన్న స్కీల్లో ఇది గట్టిగా, రెండు దశల్లో ఉంటుంది. మామూలుగా జారేటప్పుడు మధ్య భాగం నేలను తాకదు, ఒక కాలి మీద బరువంతా వేసి తొక్కినప్పుడే ఆనుతుంది, అక్కడ చేప పొలుసుల్లా కోసిన గీతలు గానీ, పూసిన వ్యాక్స్ గానీ పట్టు ఇస్తాయి. గట్టి మంచు మీద ఇది చాలా మంచి ఏర్పాటు. లోతు పొడి మంచులో కింద గట్టి నేల ఉండదు కాబట్టి మీరు ఎంత తొక్కినా ఆ విల్లు విప్పుకోదు, ముక్కు వంగి పైకి రావాల్సింది పోయి నేరుగా దిగిపోతుంది.

జాలరిపేటలో తెప్ప చూశారు కదా. ముందు భాగం పైకి తిరిగి ఉంటుంది, అల వచ్చినప్పుడు ఆ ముక్కు దాని మీదకి ఎక్కుతుంది. తిన్నగా ఉన్న దుంగ అయితే అలలోకి దూసుకుపోతుంది. లోతు మంచుకి కావాల్సింది ఆ ముక్కే. ముందరి మూడో వంతు మెత్తగా, కొంచెం ముందు నుంచే పైకి లేస్తూ ఉండాలి, క్యాంబర్ తక్కువగా, స్కీ మొత్తం ఒకే తీరుగా వంగేలా ఉండాలి. వెడల్పు ఎంత ఉన్నా ముక్కు రాయిలా బిగుసుకుని ఉంటే ఆ స్కీ లోతు మంచుకి కాదు. కొనేముందు వీలైతే ముక్కు చేత్తో పట్టుకుని వెనక్కి వంచి చూడండి, అది చెప్పినంత ఏ పట్టికా చెప్పదు.

బరువుకి సరిపోయిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. నున్నటి గ్రానైట్ నేల మీద రెండు స్కీలూ పెట్టి బూటు ఎక్కడ ఉంటుందో అక్కడ నిలబడండి, స్కీ నడుము కింద కాగితం ముక్క పెట్టించండి. రెండు కాళ్ల మీద సమానంగా నిలబడినప్పుడు కాగితం జరగాలి, ఒక్క కాలి మీద మొత్తం బరువు వేస్తే చిక్కుకుపోవాలి. ఇది మొదటి జతకి నియమం. లోతు మంచు స్కీకి, రెండు కాళ్ల మీద నిలబడినప్పుడే కాగితం కొంచెం పట్టుకుంటున్నా నేను ఒప్పుకుంటాను, జారుడు కొంత తగ్గుతుంది, పట్టు దొరుకుతుంది.

పొలుసుల బేస్ మంచిదా, వ్యాక్స్ మంచిదా, స్కిన్ మంచిదా?

మన అవసరానికి పొలుసులు, దానికి తోడు ఒక పొట్టి స్కిన్ (వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే నూగు పట్టీ).

గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫిబ్రవరి పొద్దున సున్నాకి బాగా కింద, మధ్యాహ్నం ఎండలో సున్నా దగ్గర. వ్యాక్స్ అంటే చలి ఎక్కువుంటే గట్టిది, నీలం రంగు, తక్కువుంటే మెత్తది, ఎరుపు, ఇలా మార్చుకుంటూ పోవాలి, సున్నా దగ్గర మాత్రం ఏది వేసినా నిలకడ ఉండదు. ఏడాదికి ఎనిమిది రోజులు స్కీయింగ్ చేసే మనకి అది చేతికి అలవాటు కావడం కష్టం. నార్వేవాళ్లు చిన్నప్పటి నుంచి చేస్తారు, వాళ్ల మాట వేరు. పొలుసులు అంటే బేస్ (స్కీ అడుగుభాగం) మధ్యలో చేప పొలుసుల్లా కోసిన గీతలు, వాతావరణం ఏదైనా ఒక మోస్తరు పట్టు ఇస్తాయి. కాకపోతే చాలా పొడిగా, చల్లగా ఉన్న కొత్త మంచులో పొలుసులకి పట్టడానికి ఏమీ ఉండదు, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారతాయి. అందుకే పొట్టి స్కిన్. ఫిషర్, ఓస్నెస్, మాడ్‌షుస్ మూడు కంపెనీల్లోనూ బేస్‌లోని గాడిలో కొక్కెం తగిలించి పాదం కిందివరకే అంటించుకునే స్కిన్‌లు ఉన్నాయి, నిమిషంలో వేసి తీసేయొచ్చు. మోహైర్ (మేక వెంట్రుక) అయితే బాగా జారుతుంది, నైలాన్ అయితే బాగా పట్టి ఎక్కువ కాలం వస్తుంది.

ఉక్కు అంచులు తప్పనిసరా?

లోతు మంచులో వాటికి పనే లేదు. కానీ ఆ మంచు దాకా వెళ్లే దారి, తిరిగొచ్చే దారి గడ్డకట్టి ఉంటాయి. కావాలి.

బైండింగ్ ఏది వేయించాలి?

బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ మీ మొదటి జతకి ఉన్నదే. అప్పుడు ఒక్క బూటు రెండిటికీ సరిపోతుంది. వేరేది వేయిస్తే రెండో జత స్కీలతోపాటు రెండో జత బూట్లు కూడా కొన్నట్టే.

ఎన్‌ఎన్‌ఎన్-బీసీ అనే రకంలో బూటు ముందున్న అడ్డకడ్డీ బైండింగ్‌లో ఇరుక్కుంటుంది, తేలిక, నడక బాగుంటుంది. ట్రాక్ స్కీలకి ఉండే మామూలు ఎన్‌ఎన్‌ఎన్‌తో దీనికి పొత్తు కుదరదు, పేరు చూసి మోసపోవద్దు. 75 మిల్లీమీటర్ల త్రీ-పిన్‌లో బూటు ముందు బాతుముక్కులా ఉన్న అట్టలోకి కింది నుంచి మూడు మేకులు దూరుతాయి, 1927లో నార్వేలో బ్రోర్ విత్ చేసిన రాటెఫెల్లా బైండింగ్ నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ చావలేదు. వెడల్పు స్కీని తిప్పడానికి దీని పట్టు ఎక్కువ, పైగా మడమ చుట్టూ కేబుల్ తగిలించుకోవచ్చు. పాడైతే తాడుతో కట్టుకుని అయినా ఇంటికి రావచ్చు. ఎక్స్‌ప్లోర్ అనే మూడో రకం కొత్తది, బాగుంటుంది, కానీ మిగతా రెండిటితోనూ కలవదు. నా దగ్గర రెండు జతలకీ ఎన్‌ఎన్‌ఎన్-బీసీయే. నడుము 69తో ఆగిపోయాను కాబట్టి సరిపోయింది, 78కి వెళ్లి ఉంటే త్రీ-పిన్‌కి మారేవాడిని.

బిగించేటప్పుడు స్కీని ఒక రూళ్లకర్ర మీద అడ్డంగా నిలబెట్టి ఎక్కడ సమంగా తూగుతుందో గీత గీయించండి, బూటు ముందరి కడ్డీ లేదా మేకులు ఆ గీత మీదికే రావాలి. నాకు మొదటిసారి ఒక షాపువాళ్లు ఆ గీతకి రెండు సెంటీమీటర్లు వెనక్కి బిగించి ఇచ్చారు, కాలు ఎత్తిన ప్రతిసారీ ముక్కు కిందికి వాలేది. ఇక్కడికి వచ్చాక గానీ కారణం తెలియలేదు.

పేరు పెట్టి చెప్పండి, ఏ మోడళ్లు చూడాలి?

మెత్తటి లేదా మధ్యరకం బూటుకి ఫిషర్ ఎస్-బౌండ్ 98, మాడ్‌షుస్ పనోరమా ఎం68. రెండూ నడుము 68, 69. నాది 98, 189 పొడవు. అదే ఖిలన్‌మార్గ్‌లో అదే రకం మంచులో మూడో ఏడాది పిక్కల లోతులో నడిచాను. తేలుతానని చెప్పను, దిగుతాం, కానీ ముక్కు ప్రతి అడుగుకీ పైకి వస్తుంది. నాకు కావాల్సింది అదే.

గట్టి కఫ్ బూటు ఉండి, దిగుడు మీద ఇష్టం ఎక్కువుంటే ఎస్-బౌండ్ 112, పనోరమా ఎం78. దూరం ఎక్కువ నడవాలి, గుడారం మోయాలి, మంచు ఒక మోస్తరు లోతే అనుకుంటే ఓస్నెస్ ఇంగ్‌స్టాడ్, నడుము 62, ముక్కు మాత్రం లోతు మంచుకి తగ్గట్టు చేశారు. వెడల్పు లేకుండానే ముక్కు వంపుతో పని కానిచ్చే స్కీ ఇది, మొదటి జత కూడా లేనివాళ్లు ఒక్కటే కొనాలంటే నేను దీన్నే చెప్తాను.

ఆల్టాయ్ హోక్ గురించి చాలామంది అడుగుతున్నారు. 125, 145 సెంటీమీటర్ల దగ్గర పొట్టిగా, నడుము 100 దాటి వెడల్పుగా, మధ్యలో స్కిన్ అతికించే వస్తాయి. చైనా పశ్చిమాన ఆల్టాయ్ కొండల్లో గుర్రపు తోలు అంటించిన చెక్క స్కీల మీద వేటకి వెళ్లేవాళ్ల పద్ధతి చూసి చేసినవి. చెట్ల మధ్య, నిదానంగా, ఎక్కడం దిగడం సమానంగా ఉండే చోట ఇవి చాలా బాగుంటాయి. మైదానం మీద మాత్రం జారవు, నడిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లనో పిల్లలనో వెంట తీసుకెళ్తుంటే రెండో జతగా ఇవి తీసుకోండి.

వాడినవి కొనొచ్చా?

తప్పకుండా, అమెరికాలో ఏప్రిల్, మే నెలల్లో తక్కువకి వస్తాయి. రెండు స్కీల బేస్‌లూ ఎదురెదురుగా పెట్టి వెలుతురులో చూడండి, రెండిటి విల్లూ ఒకేలా ఉండాలి, ఒకటి చప్పబడి ఉంటే వదిలేయండి. అంచు పక్కన పొరలు విడిచాయేమో గోరుతో గీకి చూడండి. పాత స్క్రూ రంధ్రాలు ఒక వరుస ఉన్నా పర్వాలేదు, రెండు వరుసలుంటే మూడోసారి బిగించడం ప్రమాదం.

విశాఖ దాకా ఎలా తెచ్చుకోవాలి? ఇక్కడి నుంచి గుల్‌మార్గ్‌కి ఎలా మోసుకెళ్లాలి?

విశాఖలో దొరకవు. అమెరికా నుంచో యూరప్ నుంచో వచ్చేవాళ్లతో తెప్పించుకోవడమే మేం చేసింది. చాలా ఎయిర్‌లైన్లు స్కీ బ్యాగుని ఒక చెకిన్ బ్యాగు కింద లెక్కేస్తాయి, కానీ దేశంలో ఎగిరే విమానాలకి పొడవు నిబంధన వేరేగా ఉండొచ్చు. టికెట్ కొనేముందే కస్టమర్ కేర్‌కి సెంటీమీటర్లలో కొలత చెప్పి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి, కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు. మేం హైదరాబాద్ మీదుగానో ఢిల్లీ మీదుగానో శ్రీనగర్ దిగుతాం, అక్కడి నుంచి సుమారు 50 కిలోమీటర్లు, అందులో టాంగ్‌మార్గ్ దాటాక చివరి 13 కిలోమీటర్లు చక్రాలకి గొలుసులు కట్టిన జీపులో. సముద్రమట్టం నుంచి నేరుగా 2,650 మీటర్లకి వెళ్తున్నాం కాబట్టి మొదటి రోజు స్కీలు విప్పకండి, నీళ్లు తాగి ఊరికే నడవండి.

మంచు లేని విశాఖలో ఏం సాధన చేయాలి?

లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకునేదాంతో పని జరగదు. కాళ్లకి సాధన మాత్రం ఇక్కడే బాగా దొరుకుతుంది. సింహాచలం మెట్లు వారానికి రెండుసార్లు బరువు వేసుకుని ఎక్కండి. ఆర్కే బీచ్‌లో తడి ఇసుక వదిలేసి పొడి ఇసుకలో పోల్స్ పట్టుకుని అరగంట నడవండి, తోవ తీసేటప్పుడు పనిచేసే తొడ కండరాలు సరిగ్గా అవే. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచేవాళ్లకి ఓపిక గురించి నేను చెప్పేదేమీ లేదు, ఒంటికాలి మీద నిలబడే సాధన ఒక్కటి కలపండి.

వెడల్పు స్కీలు ఉంటే నిటారు వాలుల్లోకి కూడా వెళ్లొచ్చా?

వద్దు. ఈ ఒక్క ప్రశ్నకి నేను గట్టిగా చెప్తాను. కొత్త స్కీలు మునగకుండా నడిపిస్తాయి కాబట్టి ఇంతకుముందు వెళ్లలేని చోట్లకి వెళ్లగలుగుతారు, ప్రమాదం అక్కడే ఉంది. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో, అది కూడా భారీగా మంచు కురిసిన వెంటనే, అంటే సరిగ్గా మీ రెండో జత బయటికి తీసే రోజునే. 2024 ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ ప్రాంతంలోనే మంచుచరియ విరిగి రష్యా నుంచి వచ్చిన స్కీయర్ ఒకరు చనిపోయారు. డీఆర్‌డీఓకి చెందిన డీజీఆర్ఈ అనే సంస్థ చండీగఢ్ నుంచి హిమాలయాలకి హెచ్చరికలు ఇస్తుంది, పొద్దున అది చూడకుండా గది దాటకండి. ఫోన్లో వాలు కొలిచే యాప్ పెట్టుకోండి. మీరున్న వాలే కాదు, మీ పైనున్న వాలు కూడా చూడాలి. ట్రాన్స్‌సీవర్ (మంచు కింద కూరుకున్నవాళ్లని వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాటిని వాడటం ముందే నేర్చుకోవాలి, స్థానిక గైడ్ ఉండాలి. మేం 25 డిగ్రీలు దాటం. వదులు మడమతో, తేలిక బూట్లతో చరియ నుంచి తప్పించుకునేంత వేగంగా తిరగలేం.

మిగతా పదకొండు నెలలు మన ఉప్పుగాలిలో వీటిని ఎలా కాపాడుకోవాలి?

మిన్నెసోటాలో ఆరేళ్లలో రాని తుప్పు విశాఖలో మొదటి వేసవికే వచ్చింది. మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు కూడా ఉండదు, అటక మీద పెట్టిన స్కీల అంచులు ఆగస్టుకల్లా ఎర్రగా అయిపోయాయి. ఇప్పుడు ఇలా చేస్తున్నాను. కశ్మీర్ నుంచి రాగానే మంచినీళ్లతో తుడిచి, ఒక రోజంతా ఫ్యాన్ కింద ఆరబెట్టి, తుప్పు చుక్కలేమైనా ఉంటే సన్న ఉప్పుకాగితంతో తీసి, అంచుల పొడవునా కుట్టుమిషన్ నూనె పట్టిస్తాను. బేస్ మీద వ్యాక్స్ మందంగా కరిగించి పోసి గీకకుండా అలాగే వదిలేస్తాను, అంచుల మీదకి కూడా కొంచెం పొర్లేలా. తర్వాత గుడ్డ సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి మంచం కింద, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమట పడుతుంది. రెండు స్కీలనీ కలిపి గట్టిగా బిగించి కట్టొద్దు, నెలల తరబడి అలా ఉంటే విల్లు చప్పబడుతుంది. డాబా మీది రేకుల గదిలో అసలే వద్దు, మే నెల వేడికి స్కిన్‌ల జిగురు కారి బేస్‌కి అంటుకుంటుంది. స్కిన్‌లు జాలీ గుడ్డ మధ్యలో పెట్టి మడిచి, ఎరుపు వ్యాక్స్ డబ్బాలతో కలిపి ఫ్రిజ్ తలుపులో పెడతాను. వినాయక చవితి నాటికి ఒకసారి తీసి చూసి మళ్లీ నూనె రాస్తాను.

రెండోది వచ్చాక మొదటి జత అమ్మేయొచ్చా?

అమ్మకండి. మంచు గట్టిపడ్డాక, పొద్దున్నే గుల్‌మార్గ్ మైదానం చుట్టూ తిరిగేటప్పుడు నేను ఇప్పటికీ ట్రావర్స్‌లే వేసుకుంటాను, వాటి జారుడు 98లకి రాదు. సాయంత్రం కొత్తగా మంచు మొదలైతే గది బయట గోడకి రెండు జతలూ నిలబెట్టి ఉంచుతాం, పొద్దున తలుపు తీసి పోల్ దించి చూస్తాం. మోకాలి కిందైతే సన్నవి, మోకాలు దాటితే వెడల్పువి.